పళ్లు లేని పేషెంట్లలో గ్రేటర్ పాలటైన్ రంధ్రాన్ని ఎలా పట్టుకుంటారు?

నమస్కారం. బీడీఎస్ హౌస్ సర్జన్‌ని. గ్రేటర్ పాలటైన్ బ్లాక్ (అంగిలి వెనక భాగాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) గురించి అనుభవమున్న డాక్టర్ల సలహా కావాలి.

అంగిలి ఎముకలో నరం, ధమని బయటికొచ్చే ఈ రంధ్రం ఎక్కువమందిలో పై జ్ఞానదంతానికి ఎదురుగా, నడిమి గీత నుంచి సుమారు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కొందరిలో రెండవ, మూడవ దవడపళ్ల మధ్యకో, ఇంకాస్త వెనక్కో జరుగుతుంది. పళ్లుంటే ఫరవాలేదు. కాటన్ బడ్‌తో నొక్కుతూ వెనక్కి వెళ్తుంటే ఒకచోట మెత్తగా లోపలికి దిగుతుంది, అదే గుర్తు.

చిక్కంతా పళ్లన్నీ ఊడిపోయిన పెద్దవాళ్లతోనే. ఎముక అరిగిపోయి ఉంటుంది, లెక్కపెట్టుకోవడానికి పన్నే ఉండదు. మొన్న ఒక పెద్దావిడకు ఎక్కడ నొక్కినా ఒకేలా తగిలింది. పాపం ఆవిడ నోరు తెరిచి ఓపిగ్గా కూర్చున్నారు, నాకేమో టెన్షన్.

ఇలాంటప్పుడు మీరు గట్టి అంగిలి వెనక అంచు నుంచి అంచనా వేస్తారా, హామ్యులర్ నాచ్ (పై దవడ చివర వెనకనుండే చిన్న పల్లం) నుంచా? మరీ వెనక్కి పోతే మెత్తటి అంగిలి కూడా మొద్దుబారి, మింగలేకపోతున్నామని పేషెంట్లు భయపడిపోతారు. ఆ ఇబ్బంది వాళ్లకు రాకూడదనే అడుగుతున్నా.

అంగిలి నుంచి గ్రాఫ్ట్ (వేరేచోట అతికించే కణజాలం) తీసేవాళ్లు ధమని దారిని వేలితోనే అంచనా వేస్తారా, సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే స్కాన్) తీయిస్తారా?