యత్సురెరు, యసెరు: చిక్కిపోయాడు అనడానికి ఏది వాడాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

డిసెంబర్‌లో జపనీస్ భాషలో ఎన్‌1 (అన్నిటికంటే పై స్థాయి) పరీక్ష ఉంది. సన్నబడటానికి యసెరు తెలుసు. పదాల పట్టికలో యత్సురెరు కూడా ఉంది. ‘గొ కిరొ యత్సురెత’ అంటే ఐదు కిలోలు తగ్గాడని చెప్పినట్టేనా? మన దగ్గర “ఏమప్పా, ఇట్ల చిక్కిపోయినావు” అన్నట్టు ఎదుటి మనిషితో అనొచ్చా?

జవాబు 1

కిలోలు చెప్పాలంటే యసెరు: ‘గొ కిరొ యసెత’. యత్సురెరు పక్కన కిలోలు పెట్టరు. అది వాలకాన్ని చెప్పే మాట. జబ్బు, దిగులు, నిద్రలేమి, గొడ్డుచాకిరీ వల్ల ముఖం పీక్కుపోయి కళ తప్పితేనే వాడాలి. తిండి తగ్గించి కావాలని సన్నబడితే ఇది అస్సలు పొసగదు. అందుకే ‘యసెతై’ (సన్నబడాలనుంది) అంటారు గానీ ‘యత్సురెతై’ అనరు.

కారణం తర్వాత దె రావాలి: బ్యోకి దె యత్సురెత, జబ్బుతో చిక్కిపోయాడు. ఇప్పుడున్న స్థితి చెప్పాలంటే యత్సురెతె ఇరు. ముఖం ముందు ‘యత్సురెత కఒ’ అనే రాయండి, ‘యత్సురెరు కఒ’ తప్పు. మనమూ ‘పీక్కుపోయిన ముఖం’ అంటాం, ‘పీక్కుపోయే ముఖం’ అనం కదా, అదే లెక్క. మిగతా రూపాలు తేలికే, రు తీసేస్తే చాలు: యత్సురెనై, యత్సురెమసు, యత్సురెతె.

జవాబు 2

ఎదుటివాళ్లతో అనే విషయంలో జాగ్రత్త. మన పెద్దవాళ్లు “చిక్కిపోయినావు” అంటే అది ప్రేమ. జపాన్‌లో పైఅధికారితో ‘యత్సురెమషిత నె’ అంటే నీ ముఖం బాగాలేదని మొహానే చెప్పినట్టు. వాళ్లతో ‘ఒత్సుకరె నొ యో దెసు గ, దైజోబు దెసు క’ (అలసిపోయినట్టున్నారు, బాగానే ఉన్నారా) అనండి. దగ్గరి స్నేహితుడైతే ‘సుకొషి యత్సురెతన్ జ నై?’ (కాస్త చిక్కిపోయినట్టున్నావే?) అనొచ్చు. జబ్బుపడి లేచినవాళ్లతో ‘యసెత నె’ కూడా వద్దు, మెచ్చుకున్నట్టు వినిపించే ప్రమాదముంది.

జవాబు 3

దీని చుట్టాలనూ చూసుకోండి. బుగ్గలు లోపలికి పోతే ‘హో గ కొకెరు’. ఒళ్లంతా ఎముకలు తేలితే యసెకొకెరు. ఉన్నట్టుండి బాగా తగ్గిపోతే ‘గెస్సొరి యసెరు’.

పలకడం మనకు కష్టమేం కాదు. చుక్క, చుట్టం అనేటప్పుడు వచ్చే దంత్య చకారమే ఆ ‘త్సు’. యత్సురెరు కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరం) జోయో పట్టికలో, అంటే జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి ఎంచిన కంజిల జాబితాలో లేదు, మామూలుగా హిరగనలోనే (పలికినట్టు రాసే జపనీస్ లిపి) రాస్తారు. యసెరు కంజి మాత్రం 2010లో ఆ పట్టికలో చేరింది, అది నేర్చుకోవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు

జబ్బుపడిన అవ్వకు సేవ చేసి అమ్మ చిక్కిపోయింది అనడానికి ‘హహ వ కంబ్యో దె యత్సురెత’ సరేనా? (హహ అంటే అమ్మ, కంబ్యో అంటే రోగికి సేవ)

జవాబు 1

వ్యాకరణం సరే. మీ అమ్మ గురించి బయటివాళ్లతో చెప్పేటప్పుడు హహ అనడమే పద్ధతి. ఇప్పటికీ అలాగే ఉంటే చివర యత్సురెతె ఇమసు పెట్టండి. అవ్వకు సేవ చేసి అని తెలియాలంటే ‘సొబొ నొ కంబ్యో దె’ (సొబొ అంటే అవ్వ) అనాలి, లేకపోతే ఎవరికి చేసిందో తేలదు.