పోవంజాలిరే? పోవంజాలరే?

వలసపక్షి:
మాంటానాలో పెద్ద రాంచ్ (పశువుల క్షేత్రం) ఉన్న డటన్ కుటుంబం కథ, ఎల్లోస్టోన్ అనే అమెరికన్ సీరియల్ ఆఖరి ఎపిసోడ్ 2024 డిసెంబరులో వస్తే నేను ఇప్పుడు చూశాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథంతా బయటపడుతుంది. కేసీ డటన్ ఆ రాంచ్ మొత్తాన్ని ఎకరం డాలరుంపావుకి అక్కడి ఆదివాసీ తెగ నాయకుడు రెయిన్‌వాటర్ చేతిలో పెట్టేసిన దగ్గర్నుంచి బలి చక్రవర్తి పద్యం నోట్లో నానుతోంది. "కారే రాజులు రాజ్యముల్ గల్గవే గర్వోన్నతిం బొందరే, వారేరీ సిరి మూటగట్టుకొని..." అక్కడ బండి ఆగిపోతోంది. పోవంజాలిరేనా, పోవంజాలరేనా? మా ఇంట్లో "చాలరే" అనేవారని గుర్తు.

గణయతిప్రాస:
ముందు "గల్గవే" కాదండీ, "గలుగవే". రెండు లఘువుల్ని కలిపి గురువు చేసేశారు, జగణం ఎగిరిపోయింది. ఇక మీ ప్రశ్న. "చాలిరే". కానీ ఛందస్సు మీకు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. ల అయినా లి అయినా లఘువే. యతి "వా", "వం" దగ్గర ఎలాగూ కుదిరింది.

తాళపత్రం:
అర్థం సాక్ష్యం చెబుతుంది. కారే, కలుగవే, పొందరే, మూడూ వ్యతిరేకం మీద వేసిన ప్రశ్నలు. కాలేదా అంటే అయ్యారనే. సరిగ్గా "చాలిరే" దగ్గర పోతన మడత తిప్పాడు. మోసుకుపోగలిగారా అంటే లేదనే. మీవాళ్లు చదివినట్టు "చాలరే" అంటే పోలేరా, భేషుగ్గా పోగలరు అని తేలుతుంది. బలి నోట ఆ మాట వచ్చుంటే శుక్రాచార్యుడు సంతోషించి ఇంటికి పోయేవాడు. పై పాదంలో "పొందరే" నోట్లో ఉండిపోయి, కింద "చాలరే" జారుతుంది. అంతే.

ఏకారవాది:
తొందరొద్దు. ఆ చివరి ఏకారం ప్రశ్నే అని ఎవరన్నారు? అవధారణ, అంటే నొక్కి చెప్పడం అనుకోండి. "పోవంజాలరే" అంటే పోనే పోలేరు. వలసపక్షి గారింటి పెద్దలు తప్పేమీ చదవలేదు.

తాళపత్రం:
అయితే "కారే రాజులు" కూడా అవధారణేనా? వాళ్లసలు రాజులే కారనా? ఒకే పద్యంలో ఏకారం మీ వీలుని బట్టి వేషం మారుస్తుందా మాస్టారూ?

ఏకారవాది:
వేషం మార్చిన వామనుడి కథే కదా.

ఆడిటర్ బాబాయ్:
అసలు బలితో పోలికే తప్పు. బలి గురువు వద్దంటున్నా దానం చేశాడు. కేసీది పక్కా లెక్క. తండ్రి జాన్ పోయాడు, భూమి కొండంత, చేతిలో రొక్కం లేదు, నెత్తిన వారసత్వ పన్ను. మార్కెట్ ధరకి అమ్మితే విమానాశ్రయం, రిసార్టులు దిగుతాయి. ఎకరం డాలరుంపావు అనేది ఊరికే ఊడిపడలేదు. 1820 చట్టంలో అమెరికా ప్రభుత్వం సర్కారు భూములకి పెట్టిన కనీస ధర అది. ముందు తరాల కథ 1883 చూశారుగా? ఏడో తరంలో మావాళ్లు ఈ నేల తిరిగి తీసుకుంటారని ఆదివాసీ పెద్ద స్పాటెడ్ ఈగిల్ అంటే, అప్పుడు తీసుకోండి అంటాడు జేమ్స్ డటన్. ముత్తాత బాకీ మునిమనవడు తీర్చాడు, అసలు ధరకే.

అరకపట్టినవాడు:
పోతనే కావాలంటే ఆ పద్యం దేనికి? "హాలికులైన నేమి... నిజదారసుతోదర పోషణార్థమై." అంత రాంచ్ వదిలేసి కేసీ అట్టిపెట్టుకుందేమిటి? ఈస్ట్ క్యాంప్ అనే ముక్క ఒక్కటి. భార్య మోనికా, కొడుకు టేట్, కాసిని పశువులు. దార, సుతుడు ఇద్దరూ వచ్చేశారా లేదా?

గణయతిప్రాస:
అది చాటువు. భాగవతంలో చూపించండి.

అరకపట్టినవాడు:
బమ్మెర మట్టిని అడగండి, చూపిస్తుంది.

సీరియల్ పిన్ని:
మీరంతా భూమి దగ్గరే ఆగిపోయారు. ఆ ఇంటిని కూల్చింది అన్నాచెల్లెళ్ల పగ. పదహారేళ్లు నిండీ నిండని కేసీ అక్క బెత్‌ని అన్న జేమీ ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆమెకి చెప్పకుండా ఇక పిల్లలు పుట్టకుండా చేయించిన పని ఉందే, అక్కడ మొదలైంది. జేమీ పెంపుడు కొడుకని తెలిశాక కర్ణుడు అనేవాళ్లుంటారు, నేనొప్పుకోను. కర్ణుడు ఒక పక్షాన నిలబడ్డాడు. జేమీ కన్నతండ్రినీ చంపాడు, పెంచిన తండ్రికీ ఎదురు తిరిగాడు.

బిట్టర్‌రూట్ తమ్ముడు:
పిన్నిగారూ, నేనుండేది మాంటానాలోనే. ఆ ఇల్లున్న చీఫ్ జోసఫ్ రాంచ్ డార్బీ పక్కనే. మొదటి మూడు సీజన్లూ ఎక్కువగా యూటాలో తీశారనుకోండి. నాకు వేరే అనుమానం. కాల్చిన ఇనుముతో పశువుకి గుర్తు వేసే బ్రాండింగ్‌కి మనం ఏమనాలి? మొన్న వసంతంలో తెలిసినవాళ్ల రాంచ్‌లో చూశాను. గుర్రం మీదివాడు నింపాదిగా మందలోకి వెళ్లి దూడ వెనక కాళ్లకి ఉచ్చు వేసి మంట దగ్గరికి లాక్కొస్తాడు. ఇద్దరు అదిమి పట్టుకుంటారు. ఇనుము ఎర్రగా కాలితే పనికిరాదట, బూడిద రంగుకి రావాలి. నొక్కగానే వెంట్రుకలు కాలిన పసుపు పొగ, అదే ఊపులో టీకా. ఇరుగుపొరుగు రాంచ్‌లవాళ్లంతా చెయ్యి వేస్తారు, భోజనం ఇంటివాళ్లది. ఆ గుర్తు, ఒంటి మీద ఏ చోట వెయ్యాలో కూడా రాష్ట్ర పశుశాఖలో నమోదవుతుంది. పదేళ్లకోసారి తిరగరాయించాలి. జాన్ దగ్గర పనిచేసే రిప్ ఛాతీ మీద, కన్నకొడుకు కేసీ ఛాతీ మీద 'వై' ముద్ర కొట్టడం మాత్రం సీరియల్ పైత్యం.

అరకపట్టినవాడు:
వాత. ఇంకేముంది?

తాళపత్రం:
వాత వైద్యానికీ పెడతారు, శిక్షకీ పెడతారు. యాజమాన్యపు గుర్తు అంటే అచ్చు. కాకపోతే మనదగ్గర అది తిరగబడింది. దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఎద్దుకి యజమాని ఉండడు, ఏ చేలో పడ్డా అదిలించరు. అందుకే అచ్చోసిన ఆంబోతు తిట్టయింది. మాంటానాలో అచ్చు పడితే ఒకడి సొత్తు, మనకి ఎవడి సొత్తూ కాదు. రిప్‌ని అచ్చోసిన ఆంబోతు అంటే మన అర్థంలో అబద్ధం. ఆ ఇంటికి అతనంత కట్టుబడ్డవాడు లేడు.

ఏకారవాది:
"అచ్చు వేసిన" అయితే "అచ్చేసిన" కావాలి. ఓకారం ఎక్కడిది? అచ్చు పోసిన, అచ్చువోసిన, అచ్చోసిన. గసడదవాదేశం. తాళపత్రం గారు "వేసి" అని జారుకున్నారు.

తాళపత్రం:
పోసేది కంచరి. ఎద్దుని పోత పోస్తారా?

ఏకారవాది:
పోసేది గుర్తుని, ఎద్దుని కాదు. ప్రాణం పోస్తాం, ఈడు పోస్తాం... వద్దు, రెండోది వాదనకి నిలవదని మీరు అనేలోపు మొదటిది పట్టుకోండి.

సీరియల్ పిన్ని:
మా వైపు "అచ్చుబోసిన" అంటారు. ఆ బకారం సంగతి కూడా ఇద్దరూ తేల్చండి.