కాల్‌లో చెప్పాలా, రాసిపెట్టాలా? కొత్తవారి కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పని నేర్పడం), షిఫ్టు అప్పగింతల గురించి

ప్రశ్న (టీమ్ లీడ్, హైదరాబాదు):
మా సాఫ్ట్‌వేర్ సపోర్ట్ బృందంలో సగం మంది హైదరాబాదులో, మిగిలినవారు న్యూజెర్సీలో ఉన్నారు. అక్కడ ఉదయం 9:30కి పెట్టే కాల్ మాకు వేసవిలో రాత్రి 7 గంటలకు, నవంబరులో వారి గడియారాలు వెనక్కి జరిగాక 8 గంటలకు పడుతుంది. కొత్తగా చేరినవారి కేటీ, రోజువారీ పని అప్పగింత, డిజైన్ చర్చ మూడూ ఆ ఒక్క గంటలోనే ఇరుక్కుంటున్నాయి. కాల్ ఎత్తేసి అన్నీ రికార్డింగులుగా, రాతపూర్వకంగా మార్చేద్దామని కొందరు, ఎదురుగా మాట్లాడకపోతే పని బోధపడదని మరికొందరు వాదిస్తున్నారు. ఏది ప్రత్యక్షంగా జరగాలో, ఏది ఎవరి వీలునుబట్టి వారు చూసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (శిక్షణ విభాగం ఉద్యోగి):
రికార్డింగులు అందించగానే శిక్షణ పూర్తయిందనుకోవడం మన ఆఫీసుల్లో పాతుకుపోయిన భ్రమ అండి. వీడియోను రెట్టింపు వేగంతో నడిపించి 'పూర్తయింది' అనిపించుకోవడం ఎవరికి తెలియదు? అయితే వీలునుబట్టి నేర్చుకోవడంలో అసలు బలం వేరే ఉంది. నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లోనే వేగంగా మరుపున పడుతుందని, ఒక్క బిగిన వల్లెవేసిన దానికంటే రోజుల వ్యవధిలో విడతలుగా వల్లెవేసినది తక్కువ శ్రమతో నిలుస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికేల 2006 నాటి ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి పాత టికెట్లను (సపోర్టుకు వచ్చిన సమస్యల నమోదులను) పరిష్కారం దాచి, రోజుకొకటి చొప్పున కొత్తవారికి ఇచ్చి, కారణం వారి చేతనే రాయించండి. ఆ జవాబుల్లోని చిక్కులు విప్పడానికి మాత్రమే కాల్ వాడండి; పాఠం చెప్పడానికి వద్దు.

జవాబు (షిఫ్టు ఇంజనీరు, థర్మల్ విద్యుత్ కేంద్రం):
నేను అప్పగింత గురించే చెబుతాను, ఎందుకంటే అక్కడ రాతా మాటా రెండూ ఉండాల్సిందే. ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 1988 జులై 6న పగటి షిఫ్టువారు ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీశారు. దానికి అనుమతి పత్రం ఉంది, కానీ వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టు ఆపరేటర్లకు చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వారు మొదటిదాన్ని నడిపించబోయారు. గ్యాసు లీకై జరిగిన పేలుళ్లలో, మంటల్లో 167 మంది మరణించారు. సాఫ్ట్‌వేర్ సపోర్టులో ప్రాణాల మీదికి రాకపోవచ్చు గానీ లోపం స్వభావం ఒక్కటే: కాగితం ఉన్నంత మాత్రాన కబురు అందినట్టు కాదు. దిగే షిఫ్టు లాగ్‌బుక్ రాయాలి, ఎక్కే షిఫ్టు దాన్ని ముందే చదవాలి, ఆపై ఇద్దరూ అదే పేజీ చూస్తూ పది నిమిషాలు మాట్లాడుకోవాలి. తనకు అర్థమైనదాన్ని బాధ్యత తీసుకునేవారు తిరిగి చెప్పాలి.

జవాబు (న్యూజెర్సీ నుంచి):
డిజైన్ చర్చను రాతలోకి మార్చండి. ప్రతిపాదన ఒక పత్రంగా రాసి, రెండు రోజులు వ్యాఖ్యలకు వదిలి, అభిప్రాయభేదం మిగిలితేనే కలవండి. కాల్‌లో నోరు విప్పని జూనియర్లు రాతలో గట్టి అభ్యంతరాలు చెప్పడం మా బృందంలో చూశాను. ఇంకొక మాట, రాత్రి భారం ఎప్పుడూ హైదరాబాదు మీదే ఎందుకు పడాలి? వేసవిలో ఇక్కడ ఉదయం 7 అంటే మీకు సాయంత్రం 4:30. వారంలో కొన్ని రోజులు మేము పెందలాడే లేస్తే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారూ, గ్రూప్ చాట్‌లో పెట్టే సందేశాన్ని లాగ్‌బుక్‌గా లెక్కించవచ్చా?

షిఫ్టు ఇంజనీరు:
వద్దండి. చాట్‌లో పెండింగ్ పని నాలుగు కొత్త సందేశాలు రాగానే పైకి జరిగి కనుమరుగవుతుంది. లాగ్‌లో అది ముగిసేవరకు ప్రతి షిఫ్టూ దాన్ని తన పేజీలోకి మళ్లీ ఎక్కించుకోవాలి.