గన్నవరం–ఢిల్లీ విమాన దూరం: 1391 కి.మీ.నా, 1386 కి.మీ.నా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
ఎక్సెల్‌లో హావర్‌సైన్ సూత్రం (గోళం మీద రెండు చోట్ల మధ్య దూరం లెక్కించేది) వేస్తే 1391 కి.మీ. వస్తోందండి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్ 1386 అంటోంది. పైథాన్ కోడ్ చూసి రాసుకున్న ఇంకో షీటులో ఏకంగా 18,624! ఏది సరైనది?

జవాబు 1 (బెంజ్ సర్కిల్, విజయవాడ):
మొదటి రెండూ సరైనవేనండి. మీరు భూమిని 6371 కి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రటి బంతి అనుకున్నారు. ఆ కాలిక్యులేటర్ డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే భూమి నమూనా) ప్రకారం ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న ఆకారం తీసుకుంది. మన అక్షాంశాల్లో ఒక డిగ్రీ ఉత్తరానికి వెళ్తే అసలు దూరం 110.7 కి.మీ.; బంతి లెక్కలో 111.2. ఢిల్లీ దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది, 12 డిగ్రీలు పైకి వెళ్లాలి. ఆ 5 కి.మీ. అక్కడే పోయింది. పోస్టర్‌కో ప్రాజెక్టుకో అయితే ఏదైనా ఫర్వాలేదు. కచ్చితంగా కావాలంటే 1386 వాడండి, అంటే 748 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కి.మీ.).

జవాబు 2 (అమరావతి రోడ్, గుంటూరు):
18,624 సంగతి: ఎక్సెల్‌లో ఏటాన్2కి (సూత్రంలో కోణం తేల్చే ఫంక్షన్) ముందు ఎక్స్, తర్వాత వై ఇవ్వాలి. పైథాన్‌లో తిరగేసి. వరస మారితే భూమికి అవతలి వైపు కొలత వస్తుంది. భూమి చుట్టుకొలతలో సగం, అంటే 20,015 లోంచి మీ అంకె తీసేసి చూడండి, 1391 తేలుతుంది. ఏటాన్2 మానేసి, సూత్రంలోని వర్గమూలానికి ఏసైన్ (విలోమ సైన్) తీసి 2తో, 6371తో గుణిస్తే ఈ గొడవే ఉండదు. డిగ్రీలను రేడియన్స్‌లోకి మార్చడం మాత్రం మర్చిపోవద్దు.

ఇంకోటి, కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాలు). గన్నవరం అక్షాంశం సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల 49 సెకన్లు. దాన్ని 16.3149 అని కొట్టేవాళ్లు చాలామంది. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి: 16.5303. లేదంటే ఎయిర్‌పోర్టు 24 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది! విజయవాడ ఊరి కోఆర్డినేట్లు కూడా పెట్టకండి, ఎయిర్‌పోర్టువే పెట్టండి. హైదరాబాద్‌కైతే బేగంపేట కాదు, శంషాబాద్: 264 కి.మీ.

ప్రశ్న అడిగినవారు:
ఏటాన్2 వరసే అండి, సరిపోయింది. మరి విమానాల దారి చూపే ఫ్లైట్ ట్రాకర్‌లో విమానం తిరిగిన దూరం 1386 కంటే ఎక్కువ ఎందుకుంటుంది?

జవాబు 1:
1386 అనేది రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మాత్రమే. రెండుచోట్లా రన్‌వేలు తూర్పు–పడమరగా ఉన్నాయి, ప్రయాణమేమో ఉత్తరానికి. ఎక్కాక ఒక మలుపు, దిగేముందు క్యూలో కలవడానికి ఇంకో మలుపు తప్పవు. మధ్యలో నిర్ణయించిన ఎయిర్‌వేలు, మబ్బులు తప్పించే చుట్టుదారులు, ఢిల్లీ రద్దీలో గాల్లో చక్కర్లు. ఇంధనం, ప్రయాణ సమయం అంచనాకు ఫ్లైట్ ప్లాన్‌లోని రూట్ దూరమే తీసుకోండి.