నలుగురు పిల్లలు, మూడు ఊళ్లు: ఇది ఒకే కుటుంబమేనా? (డర్హం బొగ్గు గనులు, 1861–71)

గ్రీమ్స్‌పేట పంతులమ్మ, చిత్తూరు

అందరికీ నమస్కారం. మా కూతురు ఇంగ్లండులో న్యూకాజిల్లో ఉంటాది, అల్లుడు ఆ పక్కనోడే. పోయిన దసరాకు మనవరాలు వచ్చినప్పుడు మా అబ్బ సంగతులన్నీ చెప్పించుకుంది. మా అబ్బ, అంటే మా అమ్మ నాయన, కుప్పం పక్క నుంచి కోలారు గనులకు పోయి చాంపియన్ రీఫ్‌లో భూమి అడుగున పని చేసినాడు, దగ్గుతోనే పోయినాడు. అంతా విని ఆ బిడ్డ, "నాన్న వాళ్ల తాతలూ గనిలోనే చేసినారంట, వాళ్ల కత ఎవరు చెప్తారు అవ్వా?" అనింది. వాళ్లింట్లో చెప్పే పెద్దలు ఎవరూ మిగల్లేదు. అందుకే నేను పట్టుకున్నా.

దొరికింది ఇది. 1861 జనాభా లెక్కల్లో, అక్కడి డర్హం జిల్లా మర్టన్ ఊళ్లో అల్లుడి వంశంలోని జాన్, 28 ఏళ్లు, "కోల్ హ్యూయర్", అంటే బొగ్గు కొట్టేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు. ఆరేళ్ల కొడుకు హెట్టన్‌లో పుట్టినాడు, మూడేళ్ల కూతురు సీహమ్‌లో. 1871లో సీహమ్‌లో అదే పేరున్న భార్య, పక్కన "విడో", అంటే మొగుడు పోయినామె, అని రాసుండాది. కొడుక్కి 16, వాడూ గనిలోనే. కూతురికి 13. ఇంకా ఇద్దరు పిల్లలు: తొమ్మిదేళ్లవాడు మర్టన్‌లో, ఐదేళ్లది హెట్టన్‌లో పుట్టినట్టుంది. ఇంట్లో ఇద్దరు బయటి మగవాళ్లు కూడా, "లాడ్జర్లు" అని, అంటే డబ్బిచ్చి ఉండేవాళ్లు.

ఇన్ని ఊళ్లు చూస్తే రెండు కుటుంబాలను నేనే కలిపేసినానేమో అని భయంగా ఉంది. జాన్ ఎప్పుడు పోయినాడో తెలియడంలేదు. ఇంటిపేరు ఇక్కడ పెట్టను గానీ, ఆ జిల్లాలో వీధికి నలుగురుండే పేరు. 1862లో హార్ట్‌లీ గనిలో 204 మంది పోయినారని చదివి, రెండు రాత్రులు ఆ పేర్లే చూస్తా కూర్చున్నా.

బాయి మనిషి, తిరుపతి

అమ్మా, నేను సింగరేణి బొగ్గు గనిలో ఓవర్‌మన్‌గా, అంటే పని చూసే పెద్దగా చేసి కొర్లగుంటలో స్థిరపడ్డాను. ముందు మీ మనసులోంచి హార్ట్‌లీ తీసేయండి. అది 1862 జనవరి 16. మీ చిన్నపిల్లకు 1871 ఏప్రిల్‌లో ఐదేళ్లంటే 1865–66లో పుట్టింది. తండ్రి అప్పటికి మూడేళ్ల ముందే పోయుండటం కుదరదు.

హార్ట్‌లీలో నీళ్లు తోడే ఇంజన్ దూలం విరిగి, గనిలోకి దిగడానికి ఉన్న ఒక్క బాయి నోరూ మూసుకుపోయింది. ఆ ఏడాదే రెండు దార్లుండాలని చట్టం తెచ్చారు. మేమూ ఆ పాఠం చదువుకున్నాం, ఎన్నిసార్లు చదివినా మనసు ఆగదు. కానీ ఆ రోజుల్లో బాయిల్లో ప్రాణాలు ఎక్కువగా పోయింది పెద్ద పేలుళ్లలో కాదు. కప్పు కూలి, పక్క గోడ జారి, ఒకరు ఇద్దరుగా పోయారు. 1850 చట్టం తర్వాత గనుల ఇన్‌స్పెక్టర్లు ఏటా ఇచ్చిన రిపోర్టుల్లో అలా పోయినవాళ్ల పేర్లు, కారణం ఉంటాయి. డర్హం మైనింగ్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు.

ఊళ్లు మారడం గురించి కంగారు వద్దు. డర్హంలో 1872 దాకా "బాండ్" అని ఏడాది ఒప్పందం ఉండేది. ఏప్రిల్ మొదట్లో గడువు తీరితే, రేటు నచ్చకపోతే సామాను బండికెత్తి పక్క బాయికి పోయేవాళ్లు. 1861 లెక్కలు ఏప్రిల్ 7న రాశారు. అంటే కొన్ని ఇళ్లలో మూటలు విప్పకముందే లెక్కలవాళ్లు తలుపు తట్టుంటారు. ఇల్లు కంపెనీది. మగవాడు పోతే ఇల్లూ పోతుంది. ఆమె లాడ్జర్లను ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు అర్థమవుతుంది కదమ్మా.

పాత కాగితాల పిచ్చి, మదనపల్లె

అక్కా, ఒకే కుటుంబమా కాదా అనేది ఊహతో తేల్చకండి. ఇంగ్లండు జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైట్లో 1837 నుంచి జననాల జాబితాలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంది. నలుగురు పిల్లలకూ ఆ పేరు ఒక్కటే అయితే పని అయిపోయినట్టే. మరణాల జాబితాలో వయసు ఉంటుంది. పాత అచ్చు జాబితా నమ్ముకుంటే 1866కు ముందు పోయినవాళ్ల వయసు దొరకదు.

ఒక మెలిక ఉంది. మర్టన్, సీహమ్ ఈసింగ్టన్ రిజిస్ట్రేషన్ జిల్లా కింద, హెట్టన్ హౌటన్ కింద. రెండూ వెతకండి. మన చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాడులో ఉండటంవల్ల, మా ముత్తాత కాగితాలు వేరే జిల్లా పేరు కింద ఉన్నాయని తెలియక నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను.

గ్రీమ్స్‌పేట పంతులమ్మ, చిత్తూరు (పదహారు రోజుల తర్వాత)

అన్నా, తమ్ముడూ, మీ ఇద్దరికీ దండాలు.

నలుగురు పిల్లలకూ తల్లి పుట్టింటి పేరు ఒకటే. ఒకే కుటుంబం.

హౌటన్ జిల్లాలో 1866లో 33 ఏళ్ల జాన్ ఒకడే ఉన్నాడు. మరణ పత్రం తెప్పించినా. ఊరు హెట్టన్, పని హ్యూయర్. కారణం: గనిలో రాయి మీద పడి. చావు సంగతి చెప్పినవాళ్ల చోట భార్య పేరు లేదు, విచారణ చేసిన కరోనర్ అనే అధికారి పేరుంది. పెద్దోడికి అప్పటికి పదకొండేళ్లు. చిన్నదానికి ఇంకా ఏడాది నిండలేదు.

నిన్న రాత్రి మనవరాలికి ఫోన్లో చదివి చెప్పినా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ చిన్నపాప పేరేంది అవ్వా?" అనింది. చెప్పినా. రాసుకుంటా, ఉండు, స్పెల్లింగ్ చెప్పు అనింది.