హోటల్లో సర్వర్‌ని చిటికేసి పిలవడం తప్పా, కాదా?

సీతమ్మధార_వాసి: ఆదివారం మధ్యాహ్నం డాబాగార్డెన్స్‌లో ఒక హోటల్‌కి మీల్స్‌కి వెళ్లాం. పక్క టేబుల్ ఆయన సర్వర్‌ని చిటికేసి పిలుస్తున్నాడు. ఆ కుర్రాడి ఒక చేతిలో సాంబారు బకెట్, ఇంకో చేతిలో పప్పు గిన్నె. వినపడలేదని ఆయన స్టీలు గ్లాసు తీసి బల్ల మీద టకటకా కొట్టాడు. "వస్తాడు కదండీ, ఆగండి" అన్నాను. "మీకెందుకు?" అన్నాడు. మా ఆయన కూడా ఊరుకోమని నాకే చెప్పారు. మీరేమంటారు?

గాజువాక_మాస్టారు: ఆ గోలలో ఇంకెలా పిలవాలమ్మా? మొన్న సిరిపురంలో ఒకచోట పావుగంట కూర్చున్నా మంచినీళ్లు పెట్టలేదు. బిల్లులో మాత్రం సర్వీస్ ఛార్జి 10 శాతం వేశారు. చెయ్యని సర్వీసుకి ఛార్జేమిటి?

ఉక్కునగరం: సర్వీస్ ఛార్జి కట్టక్కర్లేదు సార్. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తీసేయమనండి, తియ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. జీఎస్టీ వేరు, అది కట్టాలి.

సీతమ్మధార_వాసి: నేనడిగింది చిటికె గురించండీ!

గాజువాక_మాస్టారు: రెండూ ఒకటేనమ్మా. డబ్బు కట్టి తింటున్నాం, ఊరికే పెట్టట్లేదు.

బీచ్‌రోడ్డు: టిప్పు ఇస్తే పరిగెత్తుకొస్తారు.

పూర్ణామార్కెట్_కుర్రాడు: మాస్టారూ, నేను డిగ్రీ చదువుతూ జగదాంబ దగ్గర సప్లయర్‌గా చేశాను. బిల్లులో వేసిన సర్వీస్ ఛార్జిలో మాకు రూపాయి రాలేదు. మీ ఆర్డర్ లేటయిందని మాకూ తెలుసు. కిచెన్ కిటికీ దగ్గర చీటీలు వరసగా గుచ్చి ఉంటాయి, మీ చీటీ పైకొచ్చేదాకా వంట మాస్టర్ ప్లేటు వెయ్యడు. లోపల ఆయన తిడతాడు, బయట మీరు తిడతారు. చెయ్యి కాస్త ఎత్తితే చాలు, చూస్తాం. "బాబూ" అన్నా పలుకుతాం. చిటికె వింటే మాత్రం ఒళ్లు మండిపోయేది. అన్నం తినేవాళ్ల ముందు ఏమీ అనలేం కదా.

గాజువాక_మాస్టారు: నాకు మర్యాద నువ్వు నేర్పుతావా? జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ సిరిపురం హోటల్లో ఏం జరిగిందో అడిగావా? పంచెతో వెళ్లానని చేతులు కడుక్కునే చోటు పక్కన మూల టేబుల్ చూపించారు. నా తర్వాత కారు దిగినవాళ్లకి వెంటనే నీళ్లు, మెనూ, నవ్వు! నేను పిలిస్తే చూసి కూడా చూడనట్టు పోయాడు. మర్యాద మా దగ్గరి నుంచే మొదలవ్వాలా?

పూర్ణామార్కెట్_కుర్రాడు: అలా చెయ్యడం తప్పే మాస్టారూ, నేను కాదనను. మాకూ చెప్పేవారు, ఏసీ హాల్ వాళ్లని ముందు చూడమని. చెప్పింది మేనేజర్. ఆయన కౌంటర్లో కూర్చుంటాడు, ఆయనకి ఎవరూ చిటికె వెయ్యరు.

సీతమ్మధార_వాసి: మాస్టారూ, మీరు ఆ మేనేజర్‌ని అడిగారా?

గాజువాక_మాస్టారు: అడగలేదు. నన్ను మూల కూర్చోబెట్టినవాడితో నాకేం మాటలమ్మా? చిటికె వెయ్యను, సరే. కానీ చూసి కూడా పోతే గట్టిగానే పిలుస్తాను.

పూర్ణామార్కెట్_కుర్రాడు: గట్టిగా పిలవండి మాస్టారూ, దానికెవరూ ఏమీ అనుకోరు. బిల్లు కట్టేటప్పుడు ఆ మూల టేబుల్ సంగతి కౌంటర్లో కూడా అంతే గట్టిగా అడగండి.