గ్రానైట్ అంచుల్లోనే తగరం ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో తగరపు గనులు గ్రానైట్ అంచులనే పట్టుకుని ఉన్నాయి. తెలంగాణ నిండా గ్రానైటే అయినా ఇక్కడ అలాంటి గనులు ఎందుకు లేవండీ?

జవాబు 1: శిలాద్రవం చల్లారుతున్నప్పుడు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ స్ఫటికాలలో ఇమడని తగరం, టంగ్‌స్టన్ వంటివి నీరు, బోరాన్, ఫ్లోరిన్‌లతో కలిసి చివరిగా మిగిలిన ద్రవంలో పోగుపడతాయి. ఆ వేడి ద్రవాలు గ్రానైట్ పైభాగంలోని, అంచుల్లోని పగుళ్లలోకి ఎగదన్ని చల్లబడితే కాసిటరైట్ అనే తగరపు ఖనిజం పేరుకుంటుంది. కార్న్‌వాల్‌లో అలా పగుళ్లు నిండి ఏర్పడిన సిరల్లో టూర్మలిన్ అనే బోరాన్ ఖనిజం నల్లని సూదుల్లా కనిపించేది అందుకే.

జవాబు 2: శిలాద్రవం ఎంత ఆక్సీకరణ చెందిందో కూడా చూడాలండీ. అది ఎక్కువైతే తగరం టైటానియం ఖనిజాలలో ముందే చిక్కుకుపోతుంది. కార్న్‌వాల్ గ్రానైట్లు సుమారు 29–27 కోట్ల ఏళ్ల కిందట, ప్రధానంగా అవక్షేప శిలలు (మట్టి, ఇసుక పేరుకుని గట్టిపడినవి) కరిగి ఏర్పడినవి; అలాంటి ద్రవంలో ఆక్సీకరణ తక్కువ కనుక ఆ చిక్కూ తక్కువ. తెలంగాణవి చాలావరకు 250 కోట్ల ఏళ్లనాటివి; ఖనిజం చేరే పైభాగం ఒకప్పుడు ఉన్నా, అది ఏనాడో కోతకు గురై ఉంటుందని నా అభిప్రాయం.